అమ్మమ్మ వంశపు టార్టాన్ ధరించవచ్చా?

ప్రశ్న: కెనడాలోని నోవా స్కోషియాలో స్థిరపడిన మా అబ్బాయి అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకోబోతున్నాడు. ఆమె అమ్మమ్మ పుట్టింటివారు స్కాట్లండు నుంచి వలస వచ్చిన మెకెంజీలు. పెళ్లిలో ఆ వంశపు టార్టాన్ (రంగురంగుల గళ్ల బట్ట) శాలువా కప్పుకోవాలని ఆమె కోరిక. ఇంటిపేరు వేరు కనుక ఆమెకు ఆ హక్కు లేదని కొందరు బంధువులు అంటున్నారట. నిజమేనా? మా అబ్బాయి ఏం ధరించాలి? - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదు. ఫలానా గళ్ల బట్టను ఫలానా ఇంటిపేరువారే ధరించాలనే చట్టం స్కాట్లండులో లేదు. తల్లి వైపు, అమ్మమ్మ వైపు వంశాల టార్టాన్‌ను ధరించడం అందరూ అంగీకరించే పద్ధతే.

వంశానికొక గళ్ల వరుస అనే ఏర్పాటు కూడా అంత ప్రాచీనమైనదేమీ కాదు. 1746లో కలోడెన్ యుద్ధంలో జాకొబైట్లు (పదవీచ్యుతులైన స్టువర్ట్ రాజవంశం పక్షంవారు) ఓడిపోయాక, స్కాట్లండు ఉత్తరాన ఉన్న హైలాండ్ కొండ ప్రాంతపు మగవారు కిల్టు (మగవారు నడుముకు కట్టుకునే కుచ్చెళ్ల గళ్ల వస్త్రం) వంటి తమ దుస్తులు ధరించడాన్ని బ్రిటిష్ పార్లమెంటు నిషేధించింది; మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, మళ్లీ పట్టుబడితే ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష. సైనికులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1773లో హెక్టర్ ఓడలో నోవా స్కోషియాలోని పిక్టూ రేవు చేరిన కుటుంబాలు ఈ నిషేధం అమలులో ఉండగానే స్వదేశం విడిచాయి. అది 1782లో రద్దయింది. 1822లో బ్రిటిష్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరా వచ్చినప్పుడు, వంశాధిపతులు తమ తమ టార్టాన్లలో హాజరు కావాలని నవలా రచయిత సర్ వాల్టర్ స్కాట్ ప్రోత్సహించాక, ఏ వంశానికి ఏ గళ్లు అన్నది చాలావరకు స్థిరపడింది. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ల మీద తెలుపు, ఎరుపు సన్నని చారలుండే మెకెంజీ టార్టాన్, ఆ వంశాధిపతి 1778లో సమకూర్చిన సైనిక దళం ధరించినదే. (మన కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకెంజీ స్వస్థలం కూడా స్కాట్లండులోని లూయిస్ దీవే.)

ఇటీవలి ఆచారం కనుక ఇది బూటకమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. ఒకప్పుడు ధరించినందుకే జైలుకు పంపిన బట్టను ఆ వలస కుటుంబాల మనుమరాలు పెళ్లిలో కప్పుకోవాలనుకోవడం ఎంతో సబబు. జాగ్రత్త పడవలసింది చిహ్నాల విషయంలోనే: వంశాధిపతి కులచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఆయన సొంతం, తక్కినవారు దాని పైభాగాన ఉండే శిఖర చిహ్నాన్ని (క్రెస్ట్), చుట్టూ బకిలుతో కూడిన బెల్టు బొమ్మ ఉన్న బ్యాడ్జిగా మాత్రమే పెట్టుకుంటారు.

మీ అబ్బాయికి నోవా స్కోషియా టార్టాన్ చక్కగా సరిపోతుంది. 1953లో బెస్సీ మర్రే అనే నేతగత్తె, ఒక ప్రదర్శన కోసం తయారుచేసిన చిత్రపటంలోని గొర్రెల కాపరి కిల్టుకు, ఏ వంశానికీ చెందని గళ్లు కావాలని దానిని రూపొందించారు. అక్కడ నివసించేవారెవరైనా దానిని నిస్సంకోచంగా ధరించవచ్చు.