కాలికి బెలూన్ వేయించుకోబోయే తమ్ముడికి

చి. తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. కాలి నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ రిపోర్టు చూశాను. తొడలోని పెద్ద రక్తనాళం మోకాలికి పైన పూడుకుపోయిందని రాశారు. డాక్టరుగారు బెలూన్ వేద్దామంటే, అంటే నాళంలోకి చిన్న బెలూన్ పంపి ఉబ్బించి దారి తెరుద్దామంటే, నువ్వు "రెండు నెలలు చూద్దాం" అంటున్నావని మరదలు చెప్పింది. ఇలా నాళాల్లోకి తీగలు పంపి వైద్యం చేసే క్యాథ్ ల్యాబ్‌లో నర్సుగా ఇన్నేళ్లు చేసినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే తగ్గడం, అంతవరకే అయితే నేనూ ఆగమనేదాన్ని. సిగరెట్ మానేసి, మాత్రలు వేసుకుంటూ క్రమంగా నడిస్తే చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. నీ సంగతి అది కాదు. చిటికెన వేలి పక్కన పుండు నెల దాటినా మానలేదు. రాత్రిపూట పాదం మండిపోతుంటే కాలు మంచం మీంచి కిందకి వేలాడేస్తే గానీ నిద్ర పట్టడం లేదన్నావు. కాలు దించినప్పుడు రక్తం బరువుకి కాస్త పాదంలోకి దిగుతుంది, అందుకే ఆ కాసేపు హాయి. పడుకుంటే పాదానికి చాలినంత రక్తం అందడం లేదని దానర్థం. ఇలాంటప్పుడు రెండు నెలలు ఆగితే వేలు పోవచ్చు, పాదమే పోవచ్చు.

చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 1.4 దాటి వచ్చిందని ధైర్యపడ్డావట. మామూలుగా 0.9 కన్నా తగ్గితే పూడిక ఉన్నట్టు లెక్క. కానీ నీలా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి నాళాల గోడల్లో కాల్షియం పేరుకుని, బీపీ పట్టీ ఎంత బిగించినా అవి నొక్కుకోవు. అంకె ఉత్తినే పెరిగిపోతుంది. కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడమని అడుగు.

కాలు తీసేస్తారేమోనని నీ భయం. ఈ వైద్యం పుట్టిందే కాలు తీయకుండా ఉండటానికి. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో 82 ఏళ్ల ఆవిడ పాదం కుళ్లిపోతుంటే సర్జన్లు కాలు తీసేయాలన్నారు, ఆవిడ ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ అనే డాక్టరు నాళంలోకి సన్నటి గొట్టాలు పంపి దారి వెడల్పు చేశాడు. ఆవిడ తన కాళ్ల మీదే నడిచింది. పదేళ్లకి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు బెలూన్ తెచ్చాడు. అదీ మొదట వేసింది కాలికే, గుండెకి తర్వాత.

డాక్టరుగారిని ఒక్క ప్రశ్న తప్పకుండా అడుగు. మోకాలి కింద మూడు నాళాలుంటాయి. వాటిలో ఒక్కదాంట్లోనైనా పాదం దాకా రక్తం తిన్నగా పారేలా చేయగలరా అని. పుండు మానేది దాన్నిబట్టే. పైన తొడలో తెరిచి కింద వదిలేస్తే చాలకపోవచ్చు.

ఎక్స్‌రేలో నాళాలు కనబడటానికి ఇందులో ఎక్కించే డై అనే మందు కిడ్నీల మీద భారం వేస్తుంది, కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించు. నీ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలో వద్దో వాళ్లనే అడుగు. ల్యాబ్‌లో భయపడేదేమీ లేదు. గజ్జ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి తీగ పంపుతారు, మెలకువగానే ఉంటావు. బెలూన్ ఉబ్బించేటప్పుడు కాలిలో నొక్కేసినట్టు నొప్పి వస్తుంది, దించగానే తగ్గుతుంది. డై వెళ్తుంటే వేడి ఆవిరి పాకినట్టుంటుంది. కదలకు, చెప్పినప్పుడు ఊపిరి బిగపట్టు. తర్వాత కొన్ని గంటలు ఆ కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. దగ్గు వస్తే గజ్జ దగ్గర వేసిన పట్టీ మీద అరచెయ్యి గట్టిగా పెట్టి దగ్గు. దుప్పటి కింద తడిగా, వెచ్చగా తగిలితే అది రక్తం కావచ్చు, వెంటనే నర్సుని కేకెయ్యి. మొహమాటం వద్దు.

ఇంటికొచ్చాక అసలు పని నీదే. తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోవచ్చు. సిగరెట్ తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఇంకా కొలెస్ట్రాల్ మాత్ర ఎవరు చెప్పినా నీ అంతట నువ్వు ఆపకు, పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. వేడినీళ్ల కాపడం, ఆకు పసరు, ఆనెకాయని బ్లేడుతో గీకడం, ఇవేవీ ఆ పాదం దగ్గరికి రానీయకు. స్పర్శ తగ్గిన పాదం కాలినా నీకు తెలియదు. గుడికెళ్లినా ఎండలో బండల మీద చెప్పుల్లేకుండా నడవకు. పుండు మానాక డాక్టరు సరేనంటే నడక మొదలుపెట్టు, నొప్పొచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడువు.

ఎప్పుడైనా కాలు ఉన్నట్టుండి చల్లబడి, తెల్లబారి, భరించలేని నొప్పి వచ్చినా, వేళ్లు కదలకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. గంటల్లోనే కాలు చేజారిపోతుంది. అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరండి, దారిలో నాకు ఫోన్ చెయ్యండి. క్రియాటినిన్ రిపోర్టు ఫొటో తీసి ఇవాళే పంపు.

నీ అక్క