అత్తగారు మాటిమాటికీ 108కి ఫోన్ చేస్తున్నారు

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు, ఊళ్లో ఒక్కరే ఉంటారు. మావయ్యగారు పోయాక నెలకు నాలుగైదుసార్లు 108కి ఫోన్ చేస్తున్నారు. వాళ్లొచ్చి చూస్తే బీపీ, షుగర్ మామూలే. ఊళ్లో నవ్వుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఓ కోడలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆవిడ ఫోన్ లాక్కోకండమ్మా. పదకొండేళ్లు 108 బండిలో తిరిగినవాణ్ణి, ఇలాంటి పెద్దావిడ నాకూ తెలుసు. మేం వెళ్లేసరికి అరుగు మీద రెండు గ్లాసుల మజ్జిగ పెట్టుకుని కూర్చునేవారు! కళ్లు తిరుగుతున్నాయనేవారు. ఆశా కార్యకర్తకు చెప్పాం. ఆమె ఏఎన్‌ఎంని వెంటబెట్టుకెళ్లి మందుల డబ్బా తెరిస్తే, ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో ఉంది. రోజూ రెండూ మింగుతున్నారట. పీహెచ్‌సీ డాక్టరు ఒకటి మాన్పించారు. ఇక మిగిలింది సాయంత్రపు భయం. దానికి డ్వాక్రా ఆడవాళ్లు వంతులేసుకుని వచ్చి కూర్చున్నారు. ఫోన్లు వాటంతటవే తగ్గాయి.

మీరూ ఆశా నంబరు సంపాదించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, మనసు బాగోనప్పుడు టెలీమానస్ 14416 ఏ వేళైనా పలుకుతాయి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం లాంటివైతే మాత్రం క్షణం ఆలోచించకుండా 108కే చేయమనండి.