మా తమ్ముడికి లిథియం రాశారు, కిడ్నీలు పోతాయంటున్నారు. వాడవచ్చా?

వాడండి. మావారు, ఓసారి పట్టరాని హుషారూ మరోసారి తీవ్రమైన దిగులూ వచ్చే మానసిక జబ్బు అయిన బైపోలార్‌కి 2011 నుంచి వాడుతున్నారు, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. కిడ్నీల సంగతికి తర్వాత వస్తాను. లిథియం రాసినప్పుడు మాకెవరూ నొక్కి చెప్పని విషయం ఒకటుంది, ముందు అది వినండి.

2019 మే నెల. నరసరావుపేటలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మేనమామ కదా, పనంతా ఈయన నెత్తినే. షామియానావాళ్లు, వంటవాళ్లు, బస్టాండుకీ మండపానికీ తిరుగుళ్లు. పల్నాడు ఎండలు తెలిసినవే, చొక్కా పిండితే నీళ్లు కారేవి. మోకాలు పట్టేసిందంటే మా మరిది పక్కనున్న మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు ఒక షీటు తెచ్చాడు. ఇంకేం మందులు వాడుతున్నారని షాపులో అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. మూడు రోజులు పూటకొకటి వేసుకున్నారు.

పెళ్లిరోజు పొద్దున్నే కాఫీ ఇచ్చాను. లిథియం వాడేవాళ్లలో చాలామందికి చేతులు సన్నగా వణుకుతాయి, అది నాకు అలవాటే. ఇది వేరు. రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు నిలవలేదు, సగం కాఫీ కొత్త పంచె మీద ఒలికింది. "పర్లేదులే" అనబోయారు, మాట ముద్దగా వచ్చింది. లేచి నాలుగడుగులు వేసేసరికి తూలి స్తంభం పట్టుకున్నారు. మగపెళ్లివారిలో ఎవరో "రాత్రి మందు ఎక్కువైనట్టుంది" అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషండీ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు.

దగ్గర్లోని క్లినిక్‌లో వడదెబ్బ అన్నారు. వాంతులు, విరేచనాలు కూడా మొదలయ్యేసరికి మేమూ అదేననుకున్నాం. మనసు ఊరుకోక గుంటూరులో మా సైకియాట్రిస్టుగారికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒకటే, "నొప్పి మాత్రలేమైనా వేశారామ్మా?" వేశామన్నాను. "లిథియం ఇంక ఒక్కటి కూడా వెయ్యకండి, వెంటనే కారెక్కించండి" అన్నారు. రక్తంలో లిథియం 2.1 వచ్చింది. మామూలుగా 0.6 నుంచి 1 మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం కిందే లెక్క. నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నారు. మేనమామ లేని పెళ్లి ఫొటోలు చూసినప్పుడల్లా మా ఆడపడుచు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

తర్వాత డాక్టరుగారు విడమర్చి చెప్పారు. లిథియం ఒక రకం ఉప్పు, మనం తినే ఉప్పులో ఉండే సోడియానికి చుట్టం లాంటిది. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీ సోడియాన్ని పోనివ్వకుండా పట్టుకుంటుంది, దాంతోపాటు లిథియాన్నీ పట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేస్తే లిథియం బయటికి పోవడం ఇంకా తగ్గుతుంది. కొన్ని బీపీ మాత్రలతోనూ ఇదే తంటా, అందుకని బీపీ డాక్టరుకి లిథియం సంగతి చెప్పి తీరాలి. ఇప్పుడు మా ఇంట్లో నొప్పికి పారాసెటమాల్ తప్ప మరొకటి ఉండదు.

ఉప్పు కూడా అంతే. ఎవరో చెప్పారని ఉన్నట్టుండి చప్పిడి తిండి మొదలుపెడితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మా అత్తగారు మంచికేనని ఆయన ఆవకాయ మాన్పించబోతే నేను సాగనివ్వలేదు. రోజూ తినేంత రోజూ తినాలి, అంతే. వెనకటికి అమెరికాలో గుండెజబ్బులవాళ్లకి ఉప్పుకి బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారట. ఉప్పు మానేసినవాళ్లకే అది ఇస్తే ఏమవుతుంది? ప్రాణాలు పోయాయి, 1949లో అమ్మకం ఆపేశారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియా (పట్టరాని హుషారు దశ) ఉన్న పదిమందికి లిథియం ఇచ్చి, వాళ్లు కుదుటపడ్డారని రాశాడు. అయినా అమెరికాలో అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. ఆ ఇరవై ఏళ్లలో మావారి లాంటివాళ్లు ఎంతమంది ఎలా బతికారో తలచుకుంటేనే బాధేస్తుంది.

ఇంక ల్యాబులు. లిథియం ఎంతుందో చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తీయాలి, పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మా ఊళ్లో ఒక ల్యాబు కుర్రాడు "వేసుకునే రండి మేడం, ఏం కాదు" అన్నాడు. అంకె ఎక్కువ చూపించింది, మోతాదు తగ్గించారు, నెల తిరక్కుండా ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. రెండు గంటలకి లేచి అల్మారాలు సర్దడం మొదలైతే జబ్బు తిరగబెడుతోందని నాకు అర్థమైపోతుంది. పరీక్షకి ఏ టైములో రావాలో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించలేరా?

సరే, మీ ప్రశ్న. చాలా ఏళ్లు వాడితే కొందరికి కిడ్నీ పనితనం తగ్గే మాట నిజమే, అందుకే ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ చూస్తారు. మావారికి క్రియాటినిన్ బాగానే ఉంది. లిథియం మొదలైన ఎనిమిదో ఏట థైరాయిడ్ తగ్గితే పొద్దున్నే ఒక మాత్ర చేర్చారు, దానితో సరిపోయింది. లిథియానికి ముందు ఇదే జబ్బుకి ఓలాన్‌జపీన్ వాడారు. పద్నాలుగు కిలోలు పెరిగి, పొద్దున పదింటిదాకా లేచేవారు కాదు. నన్నడిగితే లిథియం అంత మంచి మందు ఇంకోటి లేదు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చే జబ్బు ఇది, ఆ ముప్పుని బాగా తగ్గించే మందు ఇదేనని మా డాక్టరుగారు కూడా అంటారు.

జీవితాంతం వాడాలా అంటే, మేమూ 2013లో "ఇప్పుడు బాగానే ఉన్నారుగా" అన్న చుట్టాల మాట విని ఒక్కసారిగా ఆపేశాం. రెండు నెలలు తిరిగేసరికి రెండు ఆటోలు కొంటానని లక్షన్నర అడ్వాన్సు ఇచ్చేశారు, ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆపాలన్నా డాక్టరే మెల్లగా తగ్గించాలి. మందులకి నిద్రమాత్రలని పేరు పెట్టి మానెయ్యమనే చుట్టాలు ఆ రాత్రిళ్లు మీ ఇంట్లో కాపలా కాయరు.

మీ తమ్ముడికి ఎప్పుడు మొదలుపెట్టారు? మొదటి లిథియం లెవెల్ పరీక్ష వారంలోపు చేయించారా? లేకపోతే రేపే డాక్టరుగారిని అడగండి, ఇంట్లో బ్రూఫెన్ (ఐబుప్రొఫెనే) షీటు ఏదైనా ఉంటే ఇవాళే తీసేయండి.