న్యాయ సందేహాలు: భార్యను చంపినవాడికి ఉరిశిక్ష పడుతుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర పల్లె. మా చిన్నాన్న కూతురికి పెళ్ళయి నాలుగేళ్ళు. అదనపు కట్నం కోసం వేధిస్తూ వచ్చిన భర్త నిరుడు ఒక రాత్రి గొంతు నులిమి చంపి, ఉరి వేసుకుందని చెప్పాడు. పోస్టుమార్టంలో సంగతి బయటపడింది. వాడిని ఉరి తీయాలని ఊరంతా అంటోంది. కొందరు పెద్దమనుషులు మాత్రం బిడ్డ పేరున ఎకరం పొలం రాయిస్తాం, రాజీ పడమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు అభియోగపత్రంలో ఏ సెక్షన్లు ఉన్నాయో చూడండి. భారతీయ న్యాయ సంహితలోని 80వ సెక్షను, అంటే వరకట్న మరణం, ఒక్కటే ఉంటే ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం వరకు శిక్ష వేయవచ్చు గాని, ఉరిశిక్షకు అందులో చోటే లేదు. హత్యకు సంబంధించిన 103వ సెక్షను కూడా ఉంటేనే ఆ ప్రశ్న వస్తుంది. వరకట్న మరణం కేసుల్లో హత్యాభియోగాన్ని కూడా మామూలుగా చేర్చాలని 2010లో రాజ్‌బీర్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. తగిన ఆధారం ఉన్నప్పుడే చేర్చాలని 2013లో జస్విందర్ సైనీ కేసులో వివరించింది. మీకు పోస్టుమార్టం నివేదికే ఆధారం కనుక, ఆ సెక్షను లేకపోతే వెంటనే పబ్లిక్ ప్రాసిక్యూటరును కలవండి.

అది ఉన్నా ఉరిశిక్ష పడుతుందని నేను ఆశ పెట్టలేను. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు ప్రకారం హత్యకు యావజ్జీవమే సాధారణ శిక్ష. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి. సెషన్స్ కోర్టు వేసినా, హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదు. బెంగళూరులో భార్యను చంపి ఇంటి ఆవరణలోనే పాతిపెట్టిన స్వామి శ్రద్ధానందకు కింది కోర్టు, హైకోర్టు రెండూ ఉరి ఖాయం చేసినా, 2008లో సుప్రీంకోర్టు దాన్ని బతికినంత కాలం విడుదల లేని జైలుశిక్షగా మార్చింది. కోపంతో ఉన్నవారికి ఇది చాలదనిపించవచ్చు. నా దృష్టిలో అది చిన్న శిక్షేమీ కాదు.

అసలు భయపడవలసింది శిక్ష తగ్గుతుందని కాదు, కేసే వీగిపోతుందని. నాలుగు గోడల మధ్య జరిగిన హత్యకు ప్రత్యక్ష సాక్షి దొరకడు. అందుకే, ఆ రాత్రి భర్త ఇంట్లోనే ఉన్నాడని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే, భార్య ఎలా చనిపోయిందో అతడే చెప్పుకోవాలని 2006లో త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మొదటి మెట్టు ఎక్కించవలసింది ఇరుగుపొరుగువారే. ఉరి వేయాలంటున్న ఊళ్ళో కోర్టుకు వచ్చి చెప్పేవారెందరో ఇప్పుడే చూసుకోండి.

హత్య రాజీకి వీలున్న నేరం కాదు. కాబట్టి పెద్దమనుషులు ఎకరానికి బదులు అడుగుతున్నది సాక్షులను మాట మార్చమనే. బిడ్డ పరిహారం కోసం విజయనగరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. దానికి ఎవరి దయా అక్కరలేదు.

నిందితుడిని విడిచిపెట్టినా, హత్యకు బదులు చిన్న నేరానికే శిక్షించినా బాధిత కుటుంబంగా మీరు అప్పీలు చేయవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం ప్రభుత్వమే అప్పీలు చేయాలి.

విచారణ మొదలయ్యేలోపు, తహసీల్దారు శవ పంచనామా చేసినప్పుడు మీవాళ్ళు ఇచ్చిన వాంగ్మూలాల నకళ్ళు తెప్పించి చదవండి. కట్నం వేధింపుల మాట అప్పుడు చెప్పకుండా బోనులో కొత్తగా చెబితే, ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.