సైకాలజీ పరిశోధన పద్ధతుల జర్నళ్లు అర్థం కావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ గైడ్ 'సైకలాజికల్ మెథడ్స్' జర్నల్ చదవమన్నారనీ, రెండో పేజీలో సమీకరణాలు చూసి మూసేశాననీ మీరు రాశారు. నేనూ పీహెచ్‌డీ మొదటి ఏడాది అదే చేశాను. 1996 నుంచి వస్తున్న ఆ జర్నల్‌లో చాలా పేపర్లు స్టాటిస్టిక్స్ బాగా వచ్చినవాళ్లకే మింగుడుపడతాయి. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

2018లో మొదలైన 'అడ్వాన్సెస్ ఇన్ మెథడ్స్ అండ్ ప్రాక్టీసెస్ ఇన్ సైకలాజికల్ సైన్స్' తెరవండి. పేరు చాంతాడంత ఉన్నా భాష తేలిక, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో ట్యుటోరియల్స్ ఉంటాయి, చాలావాటికి డేటా, కోడ్ కూడా ఇస్తారు.

అయితే చేతిలో మీదైన చిక్కు ఒకటి లేకుండా వెళ్తే అవీ ఎక్కవు. నా మొదటి పేపర్‌లో రెండు గ్రూపుల మధ్య తేడా తేలలేదు, పీ విలువ (నిజంగా తేడా లేకపోతే, కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) మామూలు హద్దు 0.05 కంటే చాలా ఎక్కువ వచ్చింది. 'తేడా లేదు' అని రాసేశాను. తేడా కనబడకపోవడం, తేడా లేకపోవడం ఒకటేనా అని రివ్యూయర్ అడిగారు. టెన్షన్‌లో, వచ్చిన ఫలితం నుంచే పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకోగలిగే అవకాశం) లెక్కగట్టి పంపాను. అదీ తిరిగొచ్చింది. రావాల్సిందే మరి! అలా లెక్కగట్టిన పవర్ పీ విలువకి ఇంకో రూపం, అంతే. పీ పెద్దదైతే అది చిన్నదవుతుంది, కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

అప్పుడు దొరికింది, ఈక్వివలెన్స్ టెస్టింగ్ మీద డేనియల్ లాకెన్స్, మరో ఇద్దరు కలిసి పైన చెప్పిన 'అడ్వాన్సెస్' జర్నల్‌లోనే 2018లో రాసిన ట్యుటోరియల్. ఎంత తేడా ఉంటే పట్టించుకోవాలో ముందే హద్దులు గీసుకుని, మన తేడా ఆ హద్దుల లోపలే ఉందని చెప్పగలమా అని పరీక్షించడం దాని సారం. ముందు వాళ్ల ఉదాహరణనే చేసి, వాళ్ల అంకెలే వచ్చాక నా డేటా పెట్టాను. తేడా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం, శాంపిల్ చాలలేదు అని తేలింది. పేపర్‌లో అదే రాశాను. ఈసారి ఒప్పుకున్నారు.

ఇక మీ థీసిస్ పేపర్ ఇలాంటి జర్నల్‌కి పంపొచ్చా అన్నారు. మామూలు ఫలితాలైతే వద్దు. కొత్త స్కేల్, ప్రయోగానికి పనికొచ్చే టాస్క్, సాఫ్ట్‌వేర్ లాంటిది తయారుచేసి ఉంటే 'బిహేవియర్ రీసెర్చ్ మెథడ్స్' చూడండి. శాంపిల్ సైజు లెక్క కోసం అందరం వాడే జీపవర్ సాఫ్ట్‌వేర్ గురించిన 2007 పేపర్ వచ్చింది అందులోనే.