రాత్రి లేచి చూసే అత్తమ్మను ఆపకండి

ప్రశ్న: నాకు 33 ఏండ్లు. దేవరకొండ దగ్గర పల్లె. ఆయన హైదరాబాద్‌ల కారు నడుపుతడు, పదిహేను రోజులకోసారి వస్తడు. ఇద్దరు పిల్లలు, మూడెకరాల పత్తి. దసరా ముందటినుంచి నా పానం బాగుంటలేదు. తెల్లారుగట్ల మూడింటికే మెలకువొస్తది, ఇగ నిద్ర పట్టదు. అన్నం మింగుడు పడదు, 48 కిలోలున్నదాన్ని 44కు వచ్చిన. బతుకమ్మ కూడ ఆడబుద్ధి కాలేదు. కూరల ఉప్పేసిన్నో లేదో యాదికుండదు. ఊకెనే ఏడుపొస్తది, చేతులు కాళ్లు లేవవు. తలనొప్పి, కడుపుల మంట అని ఆరెంపీకి చూపిస్తే రెండుసార్లు సెలైన్ పెట్టిండు, తగ్గలే. నేనెందుకూ పనికిరాను, నేను లేకున్నా పిల్లలు ఎట్లనో బతుకుతరు అనిపిస్తది. అత్తమ్మ గాలి సోకిందని చెర్వుగట్టుకు తీస్కపోయింది, ఇప్పుడు లతీఫ్ సాబ్ గుట్టకు మొక్కింది. తినవేందే, పండవేందే అని ఒకటే సతాయింపు. రాత్రి కూడ లేచి నా మంచం కాడికొచ్చి చూస్తది. మా అమ్మ ఒక్కతే నన్ను అర్థం చేసుకుంటది. చెల్లెకు సంబంధాలు చూస్తున్నం, పిచ్చి దవాఖానకు పోయినవంటే పెండ్లి చెడిపోతది, ఓర్చుకో బిడ్డా, ఎవ్వరికీ చెప్పకు అన్నది. అశ్వగంధ చూర్ణం తెప్పించుకున్న. నిద్ర కోసం మూడు నాలుగు సార్లు అర సీస కల్లు తాగిన. ఇంగ్లిష్ మందులు లేకుండ, ఎవరికీ తెల్వకుండ తగ్గే మార్గం చెప్పండి. అత్తమ్మ సతాయింపు ఎట్ల ఆపాలె?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి జవాబు తర్వాత. ‘నేను లేకున్నా పిల్లలు బతుకుతరు’ అని ఉప్పు మాట, సెలైన్ మాట నడుమ రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. చచ్చిపోవాలన్న ఆలోచన దాకా వచ్చిందా? ఎట్లా, ఎప్పుడు అన్నది కూడా మనసులో మెదిలిందా? మెదిలి ఉంటే మిగతాది పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, అంటే సర్కారు మానసిక ఆరోగ్య సహాయ నంబరు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పత్తి సాగు ఇల్లు కాబట్టి పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోనో కొట్టంలోనో ఉంటాయి. వాటిని ఈ రోజే బయటికి పంపించండి. పాలివాళ్ల ఇంట్లో పెట్టి తాళం వేయించండి, తాళంచెవి మీ దగ్గర మాత్రం ఉండొద్దు. ఇట్లాంటి ఆలోచన చాలాసార్లు కెరటంలా లేచి కొద్దిసేపటికి తగ్గుతుంది. ఆ కొద్దిసేపు చేతికి అందే దూరంలో డబ్బా లేకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఇక అత్తమ్మ సతాయింపు ఎట్లా ఆపాలన్న ప్రశ్న. ఆపకండి. మీ ఉత్తరం మీరే మళ్లీ చదువుకోండి. మీరు తినడం లేదని కనిపెట్టింది ఎవరు? రాత్రి లేచి మంచం దగ్గరికి వచ్చి చూసింది ఎవరు? చెర్వుగట్టుకు వెంటబెట్టుకొని పోయింది ఎవరు? ఆమె పెట్టుకున్న పేరు తప్పు. గాలి కాదు, ధూళి కాదు. కానీ కోడలికి జబ్బు ఉందని మీ ఇంట్లో ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

మీకు అడ్డం పడుతున్నది మీ అమ్మ మాట. చెడ్డ మనసుతో అనలేదని తెలుసు. ఆమె కూడా ఇట్లాగే పండ్లు బిగబట్టుకొని బతుకు వెళ్లదీసి ఉంటుంది. అయినా ఒక బిడ్డ పెండ్లి కోసం ఇంకో బిడ్డను ఎండబెట్టడం తల్లి ధర్మం కాదు. ‘ఓర్చుకో’ అన్న మాటను మీరు అర్థం చేసుకోవడం అనుకున్నారు. ఆ మాట వల్లే నెలల తరబడి సెలైన్ సీసాలతో సరిపోయింది. అక్క దవాఖానకు పోయిందని వెనక్కి పోయే సంబంధం, రేపు మీ చెల్లె బాలింతగా మంచాన పడ్డప్పుడు ఆమెను ఎట్లా చూస్తుందో ఆలోచించండి. అట్లాంటిది పెండ్లికి ముందే పోనీయండి.

ఇప్పుడు మీకున్నది ఏమిటో చెప్తాను. డిప్రెషన్‌ను గుర్తుపట్టడానికి డాక్టర్లు తొమ్మిది లక్షణాలు అడుగుతారు. దిగులు లేక ఏడుపు, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోవడం, నిద్ర చెడడం, ఆకలీ బరువూ మారడం, ఒంట్లో శక్తి లేకపోవడం, నేను పనికిరాననే భావన, మతిమరుపు లేక ధ్యాస నిలవకపోవడం, కదలికలు మందగించడం లేక నిలకడ లేని ఆరాటం, చావు గురించిన ఆలోచనలు. ఇందులో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండి, మొత్తం ఐదు లక్షణాలు రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే డిప్రెషన్ అంటారు. మీ ఉత్తరంలోనే ఎనిమిది ఉన్నాయి, అవీ దసరా ముందటి నుంచి. 48 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గడం చిన్న సంగతి కాదు. తెల్లవారుజామున మెలకువ రావడం, పొద్దున పూట మరీ భారంగా ఉండి పొద్దుమీకి కాస్త తేలికపడడం ఈ జబ్బుకు బాగా తెలిసిన గుర్తు. తలనొప్పి, కడుపులో మంట, ఒళ్లు నొప్పులు కూడా దీనితోనే వస్తాయి. మన దిక్కు ఆడవాళ్లు దిగులు అని చెప్పరు, గ్యాస్ అని చెప్తారు. ఆరెంపీ గ్యాస్‌కే మందిస్తాడు. సెలైన్‌లో ఉండేది ఉప్పునీళ్లు, మహా అయితే చక్కెర నీళ్లు. దాంతో దిగులు పోదు.

సహజంగా తగ్గించుకునే పద్ధతులు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. కానీ లెక్క చెప్పాలి. జబ్బు తక్కువ మోతాదులో ఉన్నవాళ్లకు అవే సరిపోవచ్చు. ఎనిమిది లక్షణాలు, తగ్గిన బరువు, చావు ఆలోచన ఉన్న మీకు వైద్యంతో పాటు చేయాల్సినవే తప్ప, వైద్యం మానేసి చేసేవి కావు.

అన్నిటికన్నా ముందు నిద్ర. నిద్ర పట్టట్లేదని ఎనిమిదింటికే మంచమెక్కితే మూడింటికి మెలకువ రాక ఏమవుతుంది? పది దాకా పండుకోకండి. రాత్రి ఎట్లా గడిచినా పొద్దున ఐదున్నరకు లేవండి, ఆదివారం కూడా. పగలు కునుకు తీస్తే ఇరవై నిమిషాలు దాటొద్దు. మధ్యాహ్నం రెండు తర్వాత చాయ్ వద్దు. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకండి, ఫోన్ ముట్టుకోకండి. ఇరవై నిమిషాలు అయిందనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగి ఇంకో చోట మసక వెలుతురులో కూర్చొని పల్లికాయలు ఒలవడమో, బియ్యం ఏరడమో, ఏదో ఒక చప్పటి పని చేసుకోండి. కండ్లు మూతలు పడ్డప్పుడే మళ్లీ మంచానికి. మెలకువతో దొర్లిన కొద్దీ మంచం అంటేనే ఒంటికి దిగులు గుర్తొస్తుంది, అందుకే దిగమంటున్నాను. ఇంకొకటి, ఆ మూడు గంటలప్పుడు మీ గురించి మీకు వచ్చే ఏ తీర్పునూ నమ్మకండి. ఆ వేళ మాట్లాడేది జబ్బు.

తర్వాత నడక. చేనుపని చేస్తున్న కదా అంటారు. ఒంగి పత్తి ఏరడం ఒంటికి అలసటే, మనసుకు మాత్రం నడకంత మేలు చేయదు. పొద్దున ఎండ ముఖానికి తగిలే వేళ ఊరి బాట మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ అరగంటకు రండి, వారంలో ఐదు రోజులు. పొద్దుటి వెలుతురు కంటికి అందితే నిద్ర వేళలు కూడా దారికి వస్తాయి. ఒంటరిగా అయితే మూడో రోజే మానేస్తారు, పక్కింటి ఆమెను పిలవండి. చాలామంది మొదటి రోజే గంట నడిచి, నాలుగు రోజులు మంచం పడతారు. అట్లా చేయొద్దు.

బుద్ధి పుట్టినప్పుడు చేస్తానని కూర్చుంటే ఈ జబ్బులో ఆ బుద్ధి పుట్టదు. పని ముందు, ఇష్టం తర్వాత. రోజుకు రెండు పనులు రాసుకోండి. ఒకటి తప్పనిసరిది, ఒకటి ఒకప్పుడు నచ్చింది. ‘ఇల్లంతా సర్దాలి’ అని కాదు, ‘ఒక్క అర సర్దాలి’ అని. పిల్లకు జడ వేయడం, పూలు గుచ్చడం, ఏదైనా సరే పదిహేను నిమిషాలది. చేశాక గీత కొట్టండి.

తిండి పళ్లెం నిండా చూస్తే మీకు వాంతికి వస్తుంది. రోజుకు ఐదుసార్లు గుప్పెడు గుప్పెడు తినండి. జొన్న గట్కలో మజ్జిగ, ఒక ఉడికించిన గుడ్డు, పల్లిపట్టి, తోటకూర లేక మునగాకు పప్పు. నల్లగొండలో ఉండి బత్తాయికి కొదవ లేదు కదా, అన్నంతో పాటు ఒకటి తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే అదే ఇనుము పట్టకుండా పోతుంది, గంట ఆగండి.

కల్లు మానేయండి. నిద్ర రప్పించేది చెట్టు కల్లు కాదు. మన దిక్కు దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్‌ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం అందరికీ తెలిసిందే. ఆ మత్తుకు అలవాటు పడితే అర సీస రెండు సీసలవుతుంది, దిగులు మరింత ముదురుతుంది. మీరు మూడు నాలుగు సార్లే తాగారు, ఇప్పుడే ఆపొచ్చు. ఏండ్ల తరబడి రోజూ తాగుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ రావచ్చు, పిచ్చిగా మాట్లాడొచ్చు. వాళ్లను డాక్టర్ దగ్గర ఉంచే మాన్పించాలి.

అశ్వగంధ ఆందోళనకు, నిద్రకు కొంత పనికొస్తుందని చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి. మీ అంత జబ్బును అది తగ్గించదు. పైగా థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, నిద్రమాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది, గర్భిణులు వాడొద్దు. చూర్ణమే కదా అని చెంచా మీద చెంచా వేసుకోకండి. డాక్టర్‌ను కలిసే దాకా పక్కన పెట్టండి.

దవాఖానలో మొదట అడగాల్సింది రక్త పరీక్షలు. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా సగం లక్షణాలు ఇవే. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ చూస్తారు, షుగర్ కూడా చూపించుకోండి. మందు అవసరమైతే ఎక్కువగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి రాస్తారు. వీటి గుణం రెండు నుంచి నాలుగు వారాలకు తెలుస్తుంది. మొదటి వారం మాత్రం వికారం, కడుపులో తిప్పడం, కాస్త ఆరాటం ఉండొచ్చు. అక్కడే చాలామంది ‘పడలేదు’ అని మానేస్తారు. ఇవి నిద్రమాత్రల్లా అలవాటయ్యేవి కావు. ఆల్‌ప్రాజోలం లాంటిది కలిపి రాస్తే మాత్రం ఎన్ని రోజులకో అడిగి రాయించుకోండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. మందు మొదలైన తొలి వారాల్లో మనసు ఇంకా తేలికపడక ముందే ఒంట్లో ఓపిక రావచ్చు. చావు ఆలోచన ఉన్నవాళ్లకు అది జాగ్రత్తగా ఉండాల్సిన కాలం, మందు డబ్బా కూడా అత్తమ్మ దగ్గరే ఉంచండి. ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా, అతిగా మాట్లాడుతూ కొన్ని రోజులు గడిపి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. అప్పుడు మందు మారుతుంది.

ఎవరికీ తెలియకుండా అన్నారు. ఊరికి తెలియనక్కర లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ జబ్బు సంగతి డాక్టర్ గోప్యంగా ఉంచాలి. నల్లగొండ సర్కారు పెద్ద దవాఖానలో కండ్లకు, పంటికి చూపించుకునేవాళ్ల వరుసలోనే మీరూ చిట్టీ రాయించుకుంటారు. కానీ ఇంట్లో ఇద్దరికి తెలియాలి, అత్తమ్మకు, మీ ఆయనకు. ఆయనకు ఫోన్‌లో ‘బాగనే ఉన్న’ అనడం ఈ రాత్రి నుంచే మానండి. మీ అమ్మకు ఒకటే మాట చెప్పండి: ‘అమ్మా, నేను దవాఖానకు పోతున్న. చెల్లె పెండ్లిల కుర్చీ మీద కూసోడానికి నేనుండాలె కదా.’ ఆమె ఏడిస్తే ఏడవనీయండి. అంతకు మించి సంజాయిషీ ఇవ్వకండి.

అత్తమ్మ మొక్కును కాదనకండి. గుట్ట కూడా నల్లగొండలోనే ఉంది. ఓపీ పొద్దున పూటే చూస్తారు కాబట్టి సోమవారం మొదటి బస్సుకు కొండమల్లేపల్లి మీదుగా పోయి, ముందు దవాఖాన పని చూసుకొని, మధ్యాహ్నం తర్వాత లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కండి. ఆధార్ కార్డు, ఆరెంపీ రాసిన చీటీలు, అశ్వగంధ డబ్బా సంచిలో వేసుకోండి. డాక్టర్ గదిలోకి అత్తమ్మను కూడా తీసుకొని పోండి. మీరు ఎన్ని రాత్రులు మేల్కొన్నారో మీకు గుర్తు లేకపోయినా, ఆమె చెప్పగలదు.