పిల్లల చేతిలోంచి ప్రయోగాన్ని లాక్కోకండి

మీరు విజయవాడలో ఉంటున్నామనీ, మీ అబ్బాయికి తొమ్మిదేళ్లనీ, వాడిని వేసవి సెలవుల్లో హైదరాబాదులోని సైన్సు మ్యూజియానికి తీసుకువెళ్లడం మంచిదా లేక ఇక్కడే జరిగే సైన్సు ప్రదర్శనలకు, ప్రయోగ శిబిరాలకు పంపితే సరిపోతుందా అనీ అడిగారు. నా ఉద్దేశంలో ఎక్కడికి వెళ్లినా ఫరవాలేదు. అక్కడ వస్తువు ఎవరి చేతిలో ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది అన్నదే ముఖ్యం. గుంటూరులో ఒక కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో 22 ఏళ్లు సహాయకురాలిగా పనిచేసినదాన్ని కనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అవి ఎలా ఏర్పడ్డాయో చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను.

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది. వాళ్ల అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం సందర్భంగా అక్కడి ఒక పాఠశాల ఆవరణలో పిల్లల కోసం ప్రయోగాల బల్లలు వేస్తున్నారని తెలిసి, ఆ పిల్లను నేనే తీసుకువెళ్లాను. ఇరవైకి పైగా బల్లలు ఉన్నాయి. ప్రతి బల్ల ముందు వరుస, ప్రతి వరుస పక్కన ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులు. ఒక బల్ల దగ్గర పిల్లలచేత చిన్న మోటారు చేయిస్తున్నారు. దానికి కావలసినవి చాలా తక్కువ: ఒక టార్చిలైటు బ్యాటరీ, దాని రెండు కొసలకూ రబ్బరు బ్యాండుతో బిగించిన రెండు పిన్నీసులు, బ్యాటరీ మీద అతికిన ఒక అయస్కాంతం, పిన్నీసుల కన్నాల్లో కొసలు ఆనించి ఊయలలా నిలబెట్టే రాగితీగ చుట్ట. ఆ తీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది. పూత ఉన్నచోట కరెంటు దాటదు కాబట్టి, పిన్నీసులకు తగిలే రెండు కొసల దగ్గర దాన్ని గీకివేయాలి.

మా పిల్ల తీగను బ్యాటరీకే పదిహేను చుట్లు చుట్టి, చుట్ట విడిపోకుండా కొసలను ముడివేసి, ఎమరీ కాగితంతో గీకడం మొదలుపెట్టింది. గీకి నిలబెట్టింది. తిరగలేదు. మళ్లీ తీసి చూసుకుంటూ ఉండగా ఆ బల్ల దగ్గరున్న కళాశాల విద్యార్థి "ఇలా ఇవ్వు పాపా" అని చుట్టను తీసుకున్నాడు. ఒక కొసను వంపు తీసి, రెండో కొసను మరికాస్త గీకి, పిన్నీసుల్లో పెట్టి వేలితో ఒక్కసారి తట్టాడు. అది గిర్రున తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు, ఎవరో ఫొటో తీశారు, పిల్ల చేతిలో మోటారు పెట్టి పక్క బల్లకు పంపించారు. ఆ అబ్బాయిది మంచి మనసే. అతని ముందు ఇంకా నలభై మంది పిల్లలు నిలబడి ఉన్నారు, పైగా ప్రతి ఒక్కరూ తిరిగే మోటారుతోనే ఇంటికి వెళ్లాలని నిర్వాహకులు అతనికి చెప్పి ఉంటారు. అయినా నాకు ఆ క్షణంలో మనసు చివుక్కుమంది, ఎందుకంటే పిల్ల ముఖంలో సంతోషం లేదు. తనది కాని వస్తువును పట్టుకున్నట్లు పట్టుకుంది.

ఆ వచ్చిన ఆదివారం వాళ్లు గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చారు. సంచిలో మోటారు కూడా వచ్చింది. "ఇది తిరగట్లేదు పెద్దమ్మా" అంటూ నా ముందు పెట్టింది. చుట్టను చేతిలోకి తీసుకుని చూడగానే నాకు కారణం తెలిసిపోయింది. రెండు కొసలూ నాలుగు వైపులా తళతళలాడుతున్నాయి. ఇంటికి వెళ్లాక ఏం చేశావని అడిగితే చెప్పింది: "ఆ అన్నయ్య ఒక కొసను సగమే గీకి వదిలేశాడు పెద్దమ్మా, తొందరలో మరిచిపోయాడేమోనని మిగతాది నేను శుభ్రంగా గీకాను."

ఆ మోటారు తిరిగే కిటుకంతా ఆ గీకకుండా వదిలిన సగంలోనే ఉంది. తీగలో కరెంటు పారినప్పుడు చుట్ట కూడా ఒక అయస్కాంతమై, బ్యాటరీ మీది అయస్కాంతం ప్రభావానికి లోనై అర చుట్టు తిరుగుతుంది. మిగిలిన అర చుట్టులోనూ కరెంటు అలాగే పారితే, ఆ నెట్టుడు ఎదురు దిశలో పడి చుట్టను వెనక్కి లాగుతుంది. అందుకని ఒక కొసను సగం వరకే గీకుతారు. పూత ఉన్న సగం పిన్నీసుకు తగిలినంతసేపూ కరెంటు ఆగిపోతుంది, అప్పటికే అందుకున్న వేగంతో చుట్ట ముందుకు పోతుంది, మళ్లీ రాగి తగలగానే మరో నెట్టు పడుతుంది. నాలుగు వైపులా గీకిన చుట్ట ఊగుతుందే గాని తిరగదు. ఈ మాటలన్నీ చెప్పి, కొత్త తీగ ఇచ్చి, "సగమే గీకు" అంటే రెండు నిమిషాల పని. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. 22 ఏళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన పని నేను చేయలేదు.

ఆ మధ్యాహ్నం రెండున్నర గంటలు గడిచాయి. మొదట బ్యాటరీ అయిపోయిందేమోనని కొత్తది తెమ్మంది, తెచ్చాను. పాత స్పీకరులోని పెద్ద అయస్కాంతం అడిగింది, ఇచ్చాను. చుట్ట ఇంకా గట్టిగా ఊగింది, తిరగలేదు. చుట్టను గుండ్రంగా సరిచేసింది, కొసలను స్కేలు పక్కన పెట్టి నిటారుగా దిద్దింది. వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి "అక్కా, దానికి చెప్పెయ్యరాదూ, పాపం" అంది. నేను తల అడ్డంగా ఊపాను. బ్యాటరీ చురచురలాడేంత వేడెక్కిందని మాత్రం హెచ్చరించి, చుట్ట తిరగనప్పుడు తీసి పక్కన పెట్టమన్నాను. అది భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి చెప్పక తప్పదు. చాలాసేపటి తరువాత పిల్ల ఆటలు మాని గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్లుగా, "నేను గీకకముందు తిరిగింది కదా" అంది. ఇంకాసేపటికి లేచి వెళ్లి వాళ్లమ్మ సంచిలోంచి గోళ్లరంగు సీసా తెచ్చింది. గీకేసిన కొసల్లో ఒకదానికి ఒక పక్కన సన్నగా రంగు పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, పిన్నీసుల్లో పెట్టి తట్టింది.

తిరిగింది. ఆసారి చప్పట్లు కొట్టడానికి ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, కాని ఆ పిల్ల వేసిన కేక పక్కింటివాళ్లకు కూడా వినిపించింది.

మరునాడు స్నేహితురాళ్లకు కూడా మోటార్లు చేసి ఇస్తానని తీగ కావాలని అడిగితే, మిర్చి యార్డుకు వెళ్లే దారిలో, కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఒక వైండింగు షాపుకు తీసుకువెళ్లాను. మన గుంటూరు చుట్టుపక్కల పొలం మోటారు కాలిపోని ఊరు ఉండదు కాబట్టి ఇటువంటి షాపులకు కొదవ లేదు. వైండింగు మేస్త్రీ ఎంతో ఓపికగల మనిషి. పిల్ల చేసిన మోటారును చూసి, పక్కన పడివున్న మిక్సీ ఆర్మేచరు, అంటే దాని మోటారులో తిరిగే భాగం, తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని ఇరుసు మీద రాగి పలకలు వరుసగా, ఒకదానికొకటి తగలకుండా సన్నని సందులతో అమర్చి ఉంటాయి. పిల్ల వేలితో ఆ సందులను తడిమి, "ఇక్కడ గోళ్లరంగు ఎవరు వేశారండీ?" అని అడిగింది. "మేం పెద్ద మోటార్లలో అభ్రకం పెడతాం తల్లీ, కరెంటు దాటకుండా" అన్నాడాయన. గూడూరు ప్రాంతంలో తవ్వే అభ్రకం ఎందుకు పనికొస్తుందో సాంఘికశాస్త్రం పుస్తకంలో బట్టీ పట్టిన పిల్ల అది. ఆ రోజు దాని పని ఏమిటో కళ్లారా చూసింది. తన మోటారు అర చుట్టు విశ్రాంతి తీసుకుంటుందనీ, మిక్సీలో మాత్రం ఆ పలకలు కరెంటు దిశను ఎప్పటికప్పుడు మార్చివేస్తాయి కనుక ప్రతి నెట్టూ ముందుకే పడుతుందనీ మేస్త్రీ, నేనూ కలిసి చెబితే, వివరించినంతసేపూ కదలకుండా విన్నది. అదే విషయాన్ని పదవ తరగతి పుస్తకంలో బొమ్మ వేసి చెబితే వినే పిల్లలను నేను చాలా తక్కువగా చూశాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియం స్థాపించిన ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు తయారీలో పేరు పొందిన రాబర్ట్ ఒపెన్‌హైమర్‌కు తమ్ముడు. రాజకీయ కారణాల వల్ల విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయి, కొలరాడోలో పశువులను పెంచుకుంటూ, తరువాత అక్కడి చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో పిల్లలను ఊరి చెత్త దిబ్బకు తీసుకువెళ్లి, పాత యంత్రాల ముక్కలు ఏరించి, వాటితోనే భౌతికశాస్త్రం నేర్పాడు. పిల్లలు ముట్టుకోవడానికే వస్తువులు పెట్టే మ్యూజియాన్ని ఆ అనుభవం ఉన్న మనిషి కట్టడం నాకు చాలా సహజంగా కనిపిస్తుంది. మన దేశంలో కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లో, బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం 1962లో మొదలయ్యాయి. మీరు అడిగిన హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియం 1990 నాటిది. మన విజయవాడ బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం పురావస్తువులది, అక్కడ అద్దాల వెనక వస్తువులు ఉండడం న్యాయం. సైన్సు వస్తువును కూడా అద్దం వెనక చూసినట్లు చూసి రావడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఈ సందర్భంలో బడుల గురించి కూడా చెప్పాలి. పిల్లలను బస్సులో ఎక్కించి, మ్యూజియంలో నలభై నిమిషాలు వరుసలో నడిపించి, బయటికి రాగానే పులిహోర పొట్లాలు పంచి, దాన్ని విజ్ఞాన యాత్ర అనడం నాకు బాధ కలిగిస్తుంది. సైన్సు ఫెయిర్ల పేరుతో థర్మోకోల్ అగ్నిపర్వతాలను దుకాణంలో కొనుక్కొచ్చి పిల్లల పేర్లు అతికించడం అంతకంటే బాధ. ఇక ప్రయోగశాలల సంగతి నేను దగ్గరగా చూసిందే. నేను పనిచేసిన చోట వస్తువు పగిలితే ఎవరు డబ్బు కట్టాలన్న తగాదా వచ్చేది కాబట్టి, పగలకుండా ఉండడానికి ఏకైక మార్గంగా అలమరకు తాళం వేసేవారు. కటకాలు, గాల్వనామీటర్లు తనిఖీ రోజున తుడిచి బయట పెట్టి, సాయంత్రం తిరిగి లోపల పెట్టడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. పిల్లలేమో ఒకరి రికార్డు చూసి మరొకరు అంకెలు ఎక్కించేవారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలుపెట్టిన సైన్సు బోధన కార్యక్రమంలో పల్లెల పిల్లలు చవకైన వస్తువులతో స్వయంగా ప్రయోగాలు చేసి, తమకు కనిపించిందే పుస్తకంలో రాసుకునేవారు. ఆ ప్రయత్నంలో పాలుపంచుకున్న అరవింద్ గుప్తా తరువాత దశాబ్దాల పాటు అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబులు, పాత బ్యాటరీలతో దేశమంతటా పిల్లలచేత బొమ్మలు చేయించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ కార్యక్రమాన్ని మాత్రం 2002లో నిలిపివేశారు. అంత మంచి పని మన జిల్లాలో జరగనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కాబట్టి హైదరాబాదు వెళ్లండి, కాని అన్నీ చూపించాలనుకోకండి. మీ అబ్బాయి ఏ ఒక్క వస్తువు దగ్గర ఆగిపోతే అక్కడే గంట గడపనివ్వండి. మిగతావి చూడకుండా వచ్చినా నష్టం లేదు. ఇక్కడి కార్యక్రమాలకు వెళితే, "మా వాడి చేతిలోంచి తీసుకోకండి, తిరగకపోయినా సరే" అని బల్ల దగ్గరివాళ్లకు ముందే చెప్పండి. ఇరవై బల్లలు పెట్టి ఒక్కొక్కదానికి ఐదు నిమిషాలు ఇచ్చే కార్యక్రమం కంటే, నాలుగు బల్లలు పెట్టి సగం రోజు ఇచ్చేది ఎంతో మేలని నిర్వాహకులకు కూడా నా మనవి.

సెలవుల్లో టిక్కెట్టు కొనకుండా చేయగలిగింది కూడా ఒకటి ఉంది. విజయవాడకు మే 6 ప్రాంతంలోనూ, ఆగస్టు మొదటి వారం చివరలోనూ మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిటారుగా ఉన్న వస్తువు నీడ పక్కకు పడకుండా దాని కిందికే వచ్చేస్తుంది. ఢిల్లీ పిల్లలకు ఏడాది పొడవునా ఒక్క రోజు కూడా ఆ భాగ్యం లేదు. మే నెలలో అది 12 గంటల 4 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. ఆ రోజు పదిన్నరకే డాబా ఎక్కి, పొడవాటి స్టీలు గ్లాసొకటి మీ అబ్బాయి చేతికే ఇవ్వండి. పది నిమిషాలకొకసారి నీడ ఎక్కడికి వస్తోందో సుద్దముక్కతో గీత గీయమనండి. సూర్యుడి వంక చూడవద్దని తప్ప మరేమీ చెప్పకండి. 12 దాటాక కూడా నీడ కొంచెం మిగిలి ఉంటే, డాబా వాలుగా ఉందని మీకు తెలిసినా ఊరుకోండి. దారానికి రాయి కట్టి గ్లాసు నిటారుగా ఉందో లేదో చూసుకోవాలని వాడికి తోచేవరకు గొడుగు పట్టుకుని పక్కన నిలబడండి.